ఆటలోనూ ఉండాలి, లెక్కలోనూ ఉండాలి



ఈనాటి ప్రసంగానికి నేను ఎంచుకున్న విషయం మీలో కొందరికి వింతగా తోచవచ్చు. వీడియో ఆటలు, అందులోనూ మహా కష్టమైనవిగా పేరుపడ్డ ఒక తరహా ఆటలు. బడిపంతులుకు ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా కోలారు వైపు బళ్లలో పెద్ద తరగతుల పిల్లలు విరామం గంట కొట్టగానే మాట్లాడుకొనేది సగం క్రికెట్ గురించి, సగం ఈ ఆటల గురించి. కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో వాదించుకుంటారు. ఆ వాదనలు చెవిన పడుతున్నకొద్దీ, తరగతి గదిలో నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నే అక్కడ ఇంకో వేషంలో కనిపించింది. పాఠం కష్టంగా ఉండాలా, తేలికగా ఉండాలా? వెనకబడ్డవారి కోసం మెట్టు ఎత్తు తగ్గించాలా, చెయ్యి అందించాలా? అందించిన చేతిని వారు సాయంగా తీసుకుంటారా, చిన్నతనంగా భావిస్తారా?

ముందుగా, ఈ ఆటలంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. వీటిని యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. ఆడే మనిషి వీధి నాటకంలో వేషం కట్టినట్టు ఒక పాత్రను ధరిస్తాడు. ఆ పాత్రకు బలం, ఓర్పు, మంత్రశక్తి వంటి గుణాలు అంకెల్లో ఉంటాయి. ఆడుతున్నకొద్దీ ఆ అంకెలను పెంచుకోవచ్చు. ఇది పాత్రపోషణ. ఇక శత్రువు కత్తి ఎత్తినప్పుడు సరిగ్గా ఆ క్షణంలోనే మీట నొక్కి పక్కకు దొర్లాలి, లేదా డాలు అడ్డం పెట్టాలి. అర క్షణం ముందు నొక్కినా, వెనక నొక్కినా దెబ్బ తప్పదు. ఇది చేతివాటం. రెండూ కలిస్తే ఈ తరహా ఆట.

ఇందులో ప్రపంచమంతా చెప్పుకొనే పేరు జపాన్ రాజధాని టోక్యోలోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే సంస్థది. 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2015లో బ్లడ్‌బోర్న్, 2019లో సెకిరో, 2022లో ఎల్డెన్ రింగ్ ఈ సంస్థ నుంచి వచ్చాయి. ఈ ఐదింటికీ దర్శకుడు హిడెటాకా మియాజాకీ. 2014లో ఆయనే ఆ సంస్థకు అధ్యక్షుడయ్యారు. ఒక్క ఎల్డెన్ రింగే 2024 మధ్యనాటికి 2 కోట్ల 50 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. అంటే కష్టమైన ఆటను కొనేవాళ్లు ఏదో పిడికెడు మంది కారు.

ఆ ఎల్డెన్ రింగ్ ఎలా మొదలవుతుందో చూడండి. చీకటి గుహలోంచి పచ్చటి మైదానంలోకి వస్తాం. ఎదురుగా బంగారు కవచం తొడుక్కున్న ఒక రౌతు గుర్రంమీద తిరుగుతూ ఉంటాడు. కొత్తగా ఆడేవారు మొదటి శత్రువే కదా అని కత్తి దూసి పైకి వెళతారు. రెండు మూడు దెబ్బల్లో పని అయిపోతుంది. మీరు చనిపోయారు అనే అర్థం వచ్చే అక్షరాలు తెరమీద పరుచుకుంటాయి. అప్పటిదాకా కూడబెట్టిన రూన్లు, అంటే ఆ లోకపు నాణేలనుకోండి, చచ్చిన చోటే పడిపోతాయి. మళ్లీ బతికి అక్కడికి వెళ్లి ఏరుకోవచ్చు. ఏరుకోకముందే ఇంకోసారి చస్తే అవి పోయినట్టే. మొదటి పాఠం ఇదే: ఎదురైన ప్రతివాడితోనూ ఇప్పుడే పోరాడాలని లేదు, వాణ్ణి చుట్టి వెళ్లే దారి ఉంది.

ఇంత దెబ్బలు తినే ఆటలో ఆనందం ఎక్కడుంది? ఆడినవాళ్లను అడిగితే అందరూ ఇంచుమించు ఒకే మాట చెబుతారు. ఇరవై సార్లు ఓడించిన శత్రువు ఇరవై ఒకటోసారి నేల కూలినప్పుడు, పెరిగింది తెరమీది బొమ్మ ఒక్కటే కాదని తెలుస్తుంది. కన్ను నేర్చుకుంది, చెయ్యి నేర్చుకుంది. రాని లెక్క ఒక సాయంత్రాన హఠాత్తుగా వచ్చేసినప్పుడు పిల్లల ముఖంలో కనిపించే వెలుగు నాకు తెలుసు. అదే వెలుగు ఇక్కడా ఉంటుంది. కాబట్టి కష్టాన్ని దోషమని కొట్టిపారేసే ఉద్దేశం నాకు లేదు. ఉప్పు లేని కూరలా ఉంటుంది కష్టం లేని ఆట.

మరి ఇబ్బంది ఎవరికి? తీరిక తక్కువైనవారికి. బట్టల దుకాణంలో పగలంతా నిలబడి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే అమ్మాయి ఉంటుంది. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగివచ్చే యువకుడు ఉంటాడు. పిల్ల నిద్రపోయాక ఒక గంట తనకంటూ మిగుల్చుకొనే తండ్రి ఉంటాడు. చిన్న లెక్క వేద్దాం. ఒక బలమైన శత్రువును, ఆటగాళ్ల భాషలో బాస్‌ను, గెలవడానికి నలభై ప్రయత్నాలు కావాలనుకుందాం. ప్రయత్నానికి మూడు నిమిషాలు. మొత్తం రెండు గంటలు. రోజుకు నాలుగు గంటలు ఆడే కుర్రవాడికి అది ఒక సాయంత్రంలో సగం. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఆడే తండ్రికి అది రెండు వారాలు. పైగా మధ్యలో రోజులు గడిచేసరికి చెయ్యి నేర్చుకున్నది చెయ్యే మరిచిపోతుంది. ఇద్దరిదీ ఒకే ఆట, ఒకే శత్రువు, కానీ ఇద్దరూ మోసే బరువు ఒకటి కాదు.

ఇక్కడే వాదం పుట్టింది. 2019లో సెకిరో విడుదలైనప్పుడు అది పెద్దదైంది. మిగతా ఆటల్లో పాత్రను బలపరచుకోవచ్చు, ఇంకొకరిని తోడు పిలవవచ్చు. సెకిరోలో తోడు పిలిచే వీలు లేదు, పాత్ర స్థాయిని అంచెలంచెలుగా పెంచుకొనే పద్ధతీ లేదు. కత్తికి కత్తి అడ్డం పెట్టడం నేర్చుకోవాల్సిందే. దీనికొక సులభ స్థాయి పెడితే ఏం పోయిందని ఒక పక్షం, పెడితే అది ఆ ఆటే కాదని ఇంకో పక్షం. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో సంవత్సరపు ఉత్తమ ఆటగా ఎంపికైనదీ అదే.

రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంది. మియాజాకీ వాదన ఏమిటంటే, అందరూ ఆడాలన్న కోరికతో కష్టాన్ని తగ్గించుకుంటూ పోతే ఆటలోని గెలుపుకే అర్థం పోతుంది. తాను గొప్ప ఆటగాణ్ణి కానని, తానూ తరచూ చచ్చిపోతుంటానని కూడా ఆయన చెప్పారు. కనుక ఇది బలవంతుడి అహంకారం కాదు. ఇంకో మాట కూడా నిజం. అందరూ ఒకే కొండ ఎక్కితే, ఎక్కినవాళ్ల మధ్య ఒక మాట కలుస్తుంది. ఆ మలుపు దగ్గర నువ్వెలా దాటావని ఒకరినొకరు అడుగుతారు. పక్క వీధివాడికి ఇంకో కొండ ఉంటే ఆ ముచ్చట ఉండదు. ఇక సులభ స్థాయి అనేది ఒక మీట తిప్పితే వచ్చేది కాదు. ప్రతి శత్రువునూ, ప్రతి దెబ్బనూ మళ్లీ తూచి సరిచూడాలి. అది తయారుచేసేవారికి అదనపు పని.

అవతలి పక్షం మాట కూడా వినండి. డబ్బు పెట్టి కొన్న ఆటలో మూడో వంతు దగ్గరే తలుపు మూసుకుపోతే, మిగిలిన రెండు వంతుల కథ, సంగీతం, కట్టడాలు ఆ మనిషికి లేనట్టే. నేను సులభంగా ఆడుకుంటే పక్కింటివాడి గెలుపుకు తరుగేమిటని వారి ప్రశ్న. దీనికి తరచూ వచ్చే జవాబు ఒక వెక్కిరింత. ముందు చేతనైనవాడివయి రా, తరువాత మాట్లాడు అని దాని సారాంశం. ఉపాధ్యాయుడిగా ఆ మాట నన్ను కలవరపెడుతుంది. తరగతిలో వెనక బెంచీ పిల్లలకు మనం అదే మాట వేరే మాటల్లో ఎన్నిసార్లు వినిపిస్తున్నామో కదా.

ఈ చిక్కుకు మన భాషలో ఎప్పుడో ఒక పేరు పెట్టారు. చిన్నప్పుడు వీధిలో దాగుడుమూతలో, కుంటాటో ఆడుతుంటే, ఎవరి వెనకాలో ఒక చిన్న తమ్ముడో చెల్లెలో ఏడుస్తూ వచ్చేది. ఆటలో చేర్చుకోక తప్పదు. చేర్చుకుంటే ఆట సాగదు. అప్పుడు వాణ్ణి ఆటలో అరటిపండు అనేవాళ్లం. పరుగెత్తవచ్చు, కేకలు వేయవచ్చు, కానీ అవుటైనా అవుట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. మా కన్నడ పొరుగువారు దీన్నే ఆటక్కుంటు లెక్కక్కిల్ల అంటారు. ఆటకు ఉన్నాడు, లెక్కకు లేడు అని అర్థం. మరాఠీవారు కచ్చా లింబూ అంటారు, పచ్చి నిమ్మకాయ. తమిళులు ఒప్పుక్కు చప్పాణి అంటారు. చప్పాణి అంటే కాళ్లు రాని మనిషి. ఆ మాటలోనే ఒక లోపమున్నవారిని లెక్కలోంచి తీసేసిన పాత అలవాటు దాగి ఉంది, గమనించండి.

నాలుగు భాషలూ ఒకే నిజం చెబుతున్నాయి. చేర్చుకోవడం ఒక ఎత్తు, లెక్కలో వేసుకోవడం ఇంకో ఎత్తు. అరటిపండు అయిన పిల్లవాడు మొదటి రోజు సంతోషిస్తాడు. నాలుగో రోజుకు తాను లెక్కలో లేనని కనిపెడతాడు. ఆ రోజు మళ్లీ ఏడుస్తాడు. ఈసారి ఏడుపుకు కారణం వేరు. కష్టమైన ఆటలను ఎక్కువమందికి అందించాలనుకొనే వారి ముందున్న అసలు పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. సాయం ఉండాలి, కానీ సాయం పుచ్చుకున్నవారు అరటిపండు కాకూడదు.

పాత ఆటలు కొన్ని ఈ పరీక్షలో తప్పాయి. 1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డి అనే ఆటలో అన్నిటికన్నా సులభమైన స్థాయిని ఎంచుకోబోతే, నాన్నా నేనూ ఆడనా అని చంటిపిల్లవాడు అడిగినట్టు దాని పేరు ఉండేది. పక్కన వీరుడి బొమ్మకు పసిపిల్లల టోపీ, నోట్లో పాలపీక. 2005లో వచ్చిన నింజా గైడెన్ బ్లాక్‌లో మొదట్లోనే పదేపదే ఓడినవారికి ఒక సులభ స్థాయి ఇస్తామనేవారు. దాని పేరు నింజా డాగ్. వాటిని తయారుచేసినవారికి అది వేళాకోళం. కానీ రోజంతా పనిచేసి వచ్చి, ఒక గంట ఆడుకుందామని కూర్చున్న మనిషిని కుక్క అని పిలిచి అన్నం పెట్టినట్టుంది ఆ వేళాకోళం.

ఇక్కడ రెండు విషయాలను వేరు చేసి చూడాలి. ఒకటి కష్టం. రెండోది అడ్డంకి. కొండ నిటారుగా ఉండటం కష్టం. కొండ కింద గేటుకు తాళం వేసి ఉండటం అడ్డంకి. పరీక్షల ఉదాహరణ చెబుతాను. అంగవైకల్యం ఉన్న అభ్యర్థుల రాత పరీక్షల కోసం 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అర్హులైన వారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. రాయలేనివారికి రాసిపెట్టే మనిషిని ఇస్తారు. ప్రశ్నపత్రం మారదు. లెక్క అదే, జవాబు అదే, మార్కులు అవే. మారినదల్లా ఆ పిల్లకూ ప్రశ్నకూ మధ్య నిలబడ్డ అడ్డు. ఆమె లెక్కలోనే ఉంది.

ఆటల్లో ఇలాంటి అడ్డంకులు బోలెడు. తెరమీద అక్షరాలు చీమల బారులా ఉండి కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడకపోవడం. ఎరుపు, ఆకుపచ్చ తేడా పోల్చలేనివారికి ఆ రెండు రంగులతోనే సూచనలు ఇవ్వడం. చెవి వినపడనివారికి వెనకనుంచి వచ్చే శత్రువు సంగతి చప్పుడుతో మాత్రమే తెలపడం. ఏ మీట ఏ పని చేయాలో మార్చుకోనివ్వకపోవడం. ఇవన్నీ తొలగించినా బాస్ బలం ఒక్క పిసరు తగ్గదు.

మా బడిలో చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు వెల్డింగ్ పనిలో ఉన్నాడు. ప్రమాదంలో అతని ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. ఇలాంటి ఆటల్లో ఒక మీటను పట్టి ఉంచి ఇంకో మీట నొక్కాల్సి వస్తుంది. మీటల పనులను కుడి చేతివైపు మార్చుకొనే వీలు దొరికాక అతను ఆడటం మొదలుపెట్టాడు. ఎలా ఉందిరా ఆట అని అడిగితే, ఇప్పుడు నేనూ అందరిలాగే ఓడిపోతున్నాను సార్ అన్నాడు, ఎంతో సంతోషంగా. ఆ మాటను మించి నేను ఈ విషయం మీద చెప్పగలిగేది లేదు. అతను అడిగింది గెలుపు కాదు, అందరితో సమానంగా ఓడే హక్కు.

పెద్ద సంస్థలు ఈ దిశగా కొంత పని చేశాయి. చేతులు సరిగా కదలనివారి కోసం మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌ను, సోనీ 2023లో యాక్సెస్ కంట్రోలర్‌ను తెచ్చాయి. పెద్ద పెద్ద మీటలు, ఎవరి అవసరానికి తగ్గట్టు వారు అమర్చుకొనే వీలు వీటిలో ఉన్నాయి. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో ఇలాంటి సదుపాయాలు 60కి పైగా ఉన్నాయి. చూపు లేనివారు కూడా శబ్ద సూచనల ఆధారంతో ఆ ఆటను చివరిదాకా ఆడారు.

ఇక ఆటను మధ్యలో ఆపే వీలు, అదే పాజ్. సెకిరోలో ఆట మధ్యలో ఆపవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో అందరికీ తెలిసిన మామూలు పాజ్ మీట లేదు. ఇంటర్నెట్ లేకుండా ఒంటరిగా ఆడుతున్నా లేదు. గ్యాస్ బండవాడు తలుపు కొట్టినా, పిల్ల నిద్రలేచి ఏడ్చినా శత్రువు ఆగడు. దీన్ని కష్టమందామా, అడ్డంకి అందామా? ఇంటి బాధ్యత ఉన్నవారు అడ్డంకి అనే అంటారు. నేనూ అదే అంటాను.

మన సరిహద్దు జిల్లాల వారికి ఇంకో అడ్డంకి ఉంది. భాష. ఎల్డెన్ రింగ్ ఎన్నో భాషల్లో దొరుకుతుంది కానీ వాటిలో తెలుగు లేదు, ఏ భారతీయ భాషా లేదు. అందులోని ఇంగ్లీషు కూడా పాతకాలపు పద్యం వాసన ఉన్న ఇంగ్లీషు. ఎక్కడికి వెళ్లాలి, ఏ వస్తువు దేనికి అనే సూచనలు ఆ మాటల్లోనే దాగి ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదివే పిల్లలకు ఇంగ్లీషు మూడో మెట్టు. శత్రువు కత్తికన్నా ముందు ఆ మాటలే వాళ్లను ఆపేస్తాయి.

విచిత్రమేమిటంటే, మియాజాకీ చిన్ననాటి కథ మన పిల్లల కథకు దగ్గరగా ఉంటుంది. ఆయన షిజువోకాలో పేద కుటుంబంలో పెరిగారు. కొనే శక్తి లేక గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకొనేవారు. తన వయసుకు మించిన ఆ పుస్తకాలు సగమే అర్థమయ్యేవి. అర్థం కాని చోట బొమ్మలు చూసి మిగతా కథ తానే ఊహించుకొనేవారు. ఆయన ఆటల్లో కథ ముక్కలు ముక్కలుగా, ఆడేవారి ఊహకు వదిలేసినట్టు ఉండటానికి మూలం ఆ చదువేనని ఆయనే చెప్పారు. సగం తెలియడంలో ఒక అందం ఉంది, నిజమే. కానీ ఆ అందం ఆయనకు దక్కింది గ్రంథాలయం తలుపు తెరిచి ఉండబట్టే కదా.

ఇప్పుడు మంచి ఉదాహరణలు చూద్దాం. ముందు ఎల్డెన్ రింగే. అందులో సులభ స్థాయి అనే మీట లేదు. సాయం మాత్రం ఆ లోకంలోనే నాటి ఉంది. ఒక బాస్ దగ్గర ఆగిపోతే ఇంకో దిక్కుకు వెళ్లి, బలం పెంచుకొని, వారం తరువాత రావచ్చు. చాలా బాస్‌ల గుమ్మం దగ్గరే మళ్లీ బతికే చోటు ఉంటుంది, ప్రతిసారీ మైళ్లు నడిచే పని లేదు. మొదట్లోనే మూడు తోడేళ్ల ఆత్మలను పిలిచే గంట దొరుకుతుంది. అవి శత్రువు చూపు మళ్లిస్తే మనకు ఊపిరి పీల్చుకొనే వ్యవధి చిక్కుతుంది. నేలమీద కనిపించే గుర్తును తాకితే ఎక్కడో ఉన్న ఇంకో ఆటగాడు మన పక్కకు వచ్చి నిలబడతాడు. దారిలో ఎవరో రాసిపెట్టిన హెచ్చరికలు కనిపిస్తాయి.

తోడు పిలిచే ఈ ఆలోచన వెనక మియాజాకీ చెప్పిన ఒక సంఘటన ఉంది. మంచు పడిన ఒక రోజు ఎత్తు దారిలో కార్లు జారి ఆగిపోయాయి. వెనక కారు ముందు కారును నెట్టింది, దాని వెనకది దాన్ని నెట్టింది. అలా ఒకరినొకరు తోసుకుంటూ కొండ దాటారు. ఆగి కృతజ్ఞత చెబుదామంటే మళ్లీ ఇరుక్కుపోతామన్న భయం. వరసలో చివరి కారు ఇల్లు చేరిందో లేదో ఆయనకు తెలియలేదు. ముఖం తెలియనివారు ఒక్క క్షణం సాయపడి వెళ్లిపోయే ఆ అనుభవమే ఆటలోకి వచ్చింది. కష్టమైన ఆటల పెద్దమనిషే సాయాన్ని ఆటకు పునాదిగా వేశాడన్నమాట. మరి తోడు పిలిచినవాడు నిజంగా గెలిచినట్టు కాదని వెక్కిరించేవారు ఎవరి మాట నమ్ముకొని వెక్కిరిస్తున్నట్టు?

ఇతర పద్ధతులూ ఉన్నాయి. 2020లో పూర్తి రూపంలో విడుదలైన హేడిస్ అనే ఆటలో గాడ్ మోడ్ అని ఒకటుంది. అది పెట్టుకుంటే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది. చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం తగ్గుతుంది, 80 శాతం దాకా. ఓడినకొద్దీ ఊతం పెరుగుతుందన్నమాట. ఎవరికి ఎంత కావాలో వారి ఓటములే తేలుస్తాయి. ఎప్పుడైనా తీసేయవచ్చు. ఉపాధ్యాయ శిక్షణలో దీన్ని పరంజా పద్ధతి అని చదువుకుంటాం. గోడ లేచేదాకా పరంజా, తరువాత విప్పేయడం.

2019 నాటి స్టార్ వార్స్ జెడై: ఫాలెన్ ఆర్డర్‌లో నాలుగు స్థాయిలు ఉన్నాయి. దేన్ని ఎంచుకుంటే ఏం మారుతుందో గీతలు గీసి చూపిస్తారు. అడ్డుకోవడానికి దొరికే వ్యవధి ఎంత, తగిలే దెబ్బ ఎంత, శత్రువు దూకుడు ఎంత అని. ఇది నాకు నచ్చిన నిజాయితీ. సులభం, కష్టం అనే ముద్రలు మనిషిమీద పడకుండా, మారేదేమిటో చెప్పి ఎంపిక మనకు వదిలేశారు.

సెలెస్ట్ అని 2018లో వచ్చిన ఇంకో ఆట ఉంది. ఈ తరహాది కాదు, కొండ ఎక్కుతూ గెంతే ఆట, కానీ కష్టానికి పేరుపొందినదే. అందులో ఆట వేగం తగ్గించుకొనేందుకు, అలసట లేకుండా చేసుకొనేందుకు అసిస్ట్ మోడ్ ఉంది. మొదట్లో దాని పరిచయ వాక్యాలు, ముందు ఇది లేకుండా ఆడితే మేలని సలహా ఇచ్చేవి. 2019లో ఆ వాక్యాలను సవరించారు. ఆట అందుబాటులో లేకపోతే ఈ విధానం ద్వారా ఆ అనుభవమే దక్కాలని కోరుతున్నామనే భావం వచ్చేలా మార్చారు. మారింది మాట మాత్రమే. కానీ చంటిపిల్లవాడి టోపీ నుంచి ఈ మాట దాకా ఎంత దూరం వచ్చామో చూడండి.

2023లో కొరియా నుంచి వచ్చిన లైస్ ఆఫ్ పి మొదట ఒకే కష్టంతో వచ్చింది. 2025లో దానికి మరో రెండు స్థాయిలు చేర్చి మొత్తం మూడు చేశారు. మొదటి పద్ధతిలో ఆడాలనుకొనేవారికి అది అలాగే ఉంది. వారి కొండ ఒక్క అడుగు కూడా తగ్గలేదు.

మెట్లు కట్టాక అందరూ మెట్లే ఎక్కుతారు, కష్టపడేవారే ఉండరు అని ఒక అనుమానం వస్తుంది. కొందరు తొందరపడి ఊతం అందుకొని, కాస్త ఆగితే దక్కే ఆనందాన్ని పోగొట్టుకుంటారు. అది నిజమే. తిరుమల కొండకు బస్సు ఉంది. అయినా అలిపిరి మెట్లు ఎక్కేవారు తగ్గారా? నడిచి వెళ్లినవారి తృప్తి నడిచినవారిదే. బస్సులో వచ్చిన ముసలమ్మ దర్శనం కూడా దర్శనమే.

చివరగా, నా మాటగా మూడు సంగతులు. ఆటను తయారుచేసేవారికి కొండ ఎత్తు నిర్ణయించే హక్కు ఉంది. ఆ హక్కును నేను కాదనను. సాయమంటూ పెడితే అది ఎల్డెన్ రింగ్‌లోలా ఆటలో భాగంగానైనా ఉండాలి, హేడిస్‌లోలా గౌరవంగానైనా ఉండాలి. కానీ అక్షరం పరిమాణం, మీటల అమరిక, రంగులు, పాజ్, భాష వంటి గేటు తాళాలకు ఆ హక్కు వర్తించదు. అవి తీయాల్సిందే.

ఆడేవారికి ఒక మాట. గంట తీరిక ఉన్నవారు ఒకే శత్రువుకు తల బాదుకోకండి. మూడుసార్లు ఓడితే ఆ పూట ఇంకో దిక్కుకు వెళ్లండి. తోడు పిలవడానికి సిగ్గుపడకండి. మీరు గెలిచాక, మీ వెనక ఆగిపోయినవారి పక్కన ఒకసారి నిలబడి రండి.

పెద్దలకు ఒక మాట. వీటిలో రక్తపాతం, భయంకరమైన దృశ్యాలు ఉంటాయి. ఎల్డెన్ రింగ్‌కు ఐరోపాలో 16, అమెరికాలో 17 ఏళ్లు దాటినవారికని ముద్ర ఉంది. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. కానీ వయసు వచ్చిన మీ అబ్బాయో అమ్మాయో ఆడుతుంటే, గెలిచావా అని కాకుండా, ఎక్కడ ఆగిపోయావు, ఏం కనిపెట్టావు అని అడిగి చూడండి. పరీక్షల గురించి కూడా అలాగే అడగవచ్చునని మీకే తోస్తుంది.

కన్నడ సామెతను కాస్త తిరగరాసి ముగిస్తాను. ఆటకూ ఉండాలి, లెక్కకూ ఉండాలి. ఆటస్థలంలోనైనా, తరగతి గదిలోనైనా, ప్రతివారికీ ఆ రెండూ దక్కాలి.